వీరభద్రుడి ఊళ్లో థ్రాష్ మెటల్



ఈవేళ నేను థ్రాష్ మెటల్ గురించి మాట్లాడతాను. 1980ల మొదట్లో అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, మీసాలు సరిగా రాని కుర్రాళ్లు మొదలుపెట్టిన సంగీతం ఇది. మెటాలికా, స్లేయర్, మెగాడెత్, ఎక్సోడస్, టెస్టమెంట్, న్యూయార్క్ నుంచి ఆంత్రాక్స్... ఆ బృందాల పేర్లు మీలో కొందరైనా విని ఉంటారు, పోనీ ఏ కుర్రాడి టీషర్టు మీదైనా చూసి ఉంటారు. వాళ్లు అప్పట్లో చేసిన ఆల్బమ్‌లను వెతికి తెచ్చుకుని, దాచుకుని, మళ్లీ మళ్లీ వినడం నాకు ఎన్నో ఏళ్లుగా ఉన్న వ్యాపకం. ద్రాక్షారామంలో కూర్చుని ఇదేం వ్యాపకం అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకి నేను చెప్పే జవాబు ద్రాక్షారామంలోనే ఉంది.

దక్షుడు యజ్ఞం చేసింది మా ఊళ్లోనే అని మా నమ్మకం. పిలవని పేరంటానికి వచ్చిన సతీదేవి అవమానం భరించలేక అగ్నికి ఆహుతైంది. ఆ కబురు విన్న శివుడి జటలోంచి వీరభద్రుడు పుట్టుకొచ్చి యజ్ఞవాటికను ధ్వంసం చేశాడు. ఆ రౌద్రమే వీరనాట్యమైందని పెద్దలు చెబుతారు. వీరనాట్యం దగ్గర్నుంచి చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. వీరణం, డోలు, తాషా ఒక్కసారిగా అందుకుంటాయి. వీరభద్రుడి స్తుతిగా ఖడ్గం చదివేవాడి గొంతు తారస్థాయికి పోతుంది. శరభ శరభ, అశ్శరభ శరభ అని కేకలు. నారసాలు గుచ్చుకుంటారు. కొత్తవాళ్లు అక్కడ నిలబడలేరు. కానీ కాసేపు ఓపిక పట్టి, కళ్లు మూసుకుని విన్నారనుకోండి, ఒక సంగతి తెలుస్తుంది. కోపం ఎంత పెరిగినా కాలం తప్పదు. దరువు ఎంత వేగం అందుకున్నా అడుగు దాని మీదే పడుతుంది. ఆ పట్టు లేకపోతే అది వట్టి గోల.

థ్రాష్ మెటల్‌కూ ప్రాణం ఆ పట్టే. గిటారు వాయించేవాడు కుడి అరచేతి అంచును తీగల మీద ఆనించి, మీటిన స్వరాన్ని మీటినట్టే నొక్కేస్తాడు. అందుకే ఆ శబ్దం సాగదు. తెగి తెగి, గట్టిగా, డోలు మీద పుల్ల పడ్డట్టు వినిపిస్తుంది. మెటాలికాలో జేమ్స్ హెట్‌ఫీల్డ్ అయితే పైనుంచి కిందికి మాత్రమే మీటుతూ పాటకి పాటే లాక్కుపోతాడు. మణికట్టు నొప్పి అంటే ఏమిటో వాయించేవాళ్లకి తెలుసు. డ్రమ్ముల దగ్గర కూర్చున్నవాడు రెండు కాళ్లతో రెండు పెద్ద డ్రమ్ములు మోగిస్తాడు. దరువు నిమిషానికి 200 దాటుతుంది. మా మావయ్య ఒకాయన, తాషా వాయించిన చేయి ఆయనది, ఒకసారి స్లేయర్ ఆల్బమ్ కొంచెం సేపు విని, "ఏవిట్రా, ఆ కింద మోగేది ఒక్కడేనా? రెండు కాళ్లూ సమంగా ఎలా పడుతున్నాయిరా?" అని మాత్రం అడిగాడు. పాట మాటలు ఆయనకి అక్కర్లేదు. ఆ వాయించినవాడు డేవ్ లొంబార్డో. క్యూబా రాజధాని హవానాలో పుట్టి, పసితనంలోనే అమెరికా వెళ్లినవాడు.

ఇక ఆల్బమ్‌ల సంగతికి వస్తాను. పాత ఆల్బమ్‌లు సేకరించేవాడంటే పాట చచ్చిపోయాక దాని పెట్టె దాచుకునేవాడని చాలామంది అనుకుంటారు. థ్రాష్ మెటల్ విషయంలో అది పూర్తిగా తలకిందుల మాట. ఈ సంగీతం పుట్టిందే సేకరించేవాళ్ల చేతుల్లో.

మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్ డెన్మార్క్ కుర్రాడు. వాళ్ల నాన్న టెన్నిస్ ఆటగాడు, కొడుకూ టెన్నిస్ ఆడాలని 1980లో కాలిఫోర్నియా చేరారు. కుర్రాడికి మాత్రం ఇంగ్లండ్‌లో అప్పుడే వస్తున్న చిన్న చిన్న మెటల్ బృందాల రికార్డులంటే పిచ్చి. డైమండ్ హెడ్ అనే బృందం కోసం 1981లో ఏకంగా ఇంగ్లండ్ వెళ్లి, వాళ్ల వెంట తిరిగి వచ్చాడు. వాయించడం అప్పటికి అంతంతమాత్రం. వినడం మాత్రం వచ్చు. లాస్ ఏంజెలెస్ వైపు బ్రయన్ స్లేగెల్ అని మరో కుర్రాడు, రికార్డుల కొట్లో పని చేసేవాడు. అతను తెలిసిన బృందాలన్నిటి దగ్గరా ఒక్కో పాట అడిగి తీసుకుని 1982లో మెటల్ మాసకర్ అని ఒక ఎల్పీ వేశాడు. మెటాలికా పాట మొదటిసారి రికార్డుకెక్కింది అందులోనే. ఆ తొలి ముద్రణలో బృందం పేరు అక్షరాలు తప్పు పడ్డాయి, ఒక టి బదులు రెండు టిలు. ఆ తప్పున్న రికార్డుకే ఇవాళ సేకర్తల దగ్గర విలువ. అసలు మెటాలికా అన్న పేరు కూడా, శాన్ ఫ్రాన్సిస్కోలో రాన్ క్వింటానా అనే మరో మెటల్ అభిమాని తన చిన్న పత్రికకి పెట్టుకుందామని రాసుకున్న జాబితాలోంచి వచ్చిందే.

అదే ఏడాది మెటాలికా వాళ్లు ఏడు పాటలు ఒక క్యాసెట్ మీద ఎక్కించారు. కంపెనీ లేదు, అట్ట లేదు. స్నేహితులు దాన్ని కాపీ చేసి పోస్టులో స్నేహితులకి పంపారు. వాళ్లు మళ్లీ కాపీ చేసి మరో ఊరికి, మరో దేశానికి. నీ దగ్గరున్నది నాకు పంపు, నా దగ్గరున్నది నీకు పంపుతాను... అంతే ఒప్పందం. అమెరికా నుంచి బ్రెజిల్ దాకా, జర్మనీ దాకా ఆ ఉత్తరాల దారి ఉండేది. చేతులు మారుతూ మారుతూ ఒక కాపీ న్యూజెర్సీలో జాన్ జజులా అనే ఆయనకి చేరింది. ఆయనా ఆయన భార్య మార్షా అక్కడి సంతలో రికార్డుల దుకాణం నడిపేవారు. మన ఊళ్లలో వారపు సంతలో తాటాకు పాకల కింద సామాను పరుచుకున్నట్టే, అక్కడా పాతవీ కొత్తవీ అన్నీ దొరికే సంత అది. క్యాసెట్ విన్నాక ఆ దంపతులు ఎవరో ముక్కూ మొహం తెలియని ఆ నలుగురు కుర్రాళ్లని కాలిఫోర్నియా నుంచి రప్పించారు. ఏ కంపెనీ ముందుకు రాకపోతే తామే మెగాఫోర్స్ అనే సంస్థ పెట్టి, 1983 జూలైలో కిల్ ఎమ్ ఆల్ ఆల్బమ్ విడుదల చేశారు.

ఆలోచించండి. దీనిలో ఎక్కడా పెద్ద కంపెనీ లేదు, టీవీ లేదు. ఉన్నది రికార్డులు పోగేసే కుర్రాడు, కొట్లో పనిచేసే కుర్రాడు, చిన్న పత్రిక నడిపే కుర్రాడు, సంతలో అమ్మే దంపతులు. ఒక పాత క్యాసెట్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఈ వరుస గుర్తొస్తుంది.

స్లేయర్ కథా అంతే. తొలి ఆల్బమ్ షో నో మెర్సీకి డబ్బు ఎక్కడిది? పాడే టామ్ అరాయా ఆస్పత్రిలో శ్వాస చికిత్స విభాగంలో పనిచేసి దాచుకున్న జీతం, గిటారిస్టు కెర్రీ కింగ్ వాళ్ల నాన్న దగ్గర తెచ్చుకున్న అప్పు. ఆ ఆల్బమ్ వింటే హడావిడి తెలుస్తుంది. గది చిన్నదని తెలుస్తుంది. అవి లోపాలని నేననను.

ఆ తరవాత మూడేళ్లకి 1986 వచ్చింది. థ్రాష్ ఆల్బమ్‌లు ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను ఆ ఒక్క సంవత్సరం చెబుతాను. మార్చిలో మెటాలికా మాస్టర్ ఆఫ్ పపెట్స్. ఆ పేరున్న పాట, మనిషిని మత్తుమందు బొమ్మలా ఎలా ఆడిస్తుందో చెప్పే పాట. అక్టోబరులో స్లేయర్ రెయిన్ ఇన్ బ్లడ్. ఆ ఏడాదే మెగాడెత్ పీస్ సెల్స్, జర్మనీ నుంచి క్రియేటర్ ప్లెజర్ టు కిల్, లాస్ ఏంజెలెస్ నుంచి డార్క్ ఏంజెల్ డార్క్‌నెస్ డిసెండ్స్. ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలింది. అణుబాంబు ఎప్పుడు పడుతుందో అన్న భయం అమెరికా, సోవియట్ రెండు వైపులా ఇళ్లలో ఉండేది. ఆ కుర్రాళ్లు భయాన్ని భయంలా పాడలేదు, కోపంగా పాడారు.

రెయిన్ ఇన్ బ్లడ్ దగ్గర కొంచెం ఆగుతాను. మొత్తం పది పాటలు, నిడివి 29 నిమిషాల లోపు. అంత పొట్టిది కాబట్టి అప్పటి క్యాసెట్‌లో ఒక వైపే ఆల్బమ్ అంతా పట్టింది, రెండో వైపు మళ్లీ అదే మొదటినుంచి వేశారు. నిర్మాత రిక్ రూబిన్, అప్పటిదాకా ర్యాప్ రికార్డులు చేసినవాడు. మెటల్ రికార్డుల్లో అందరూ వాడే ప్రతిధ్వనిని తీసేశాడు. గాయకుడు, డ్రమ్ములు, గిటార్లు మన చెవి పక్కనే ఉన్నట్టు, ఎండు కట్టె విరిచినట్టు ఉంటుంది శబ్దం. అందులో మొదటి పాట నాజీ శిబిరంలో మనుషుల మీద ప్రయోగాలు చేసిన డాక్టరు మెంగెలె గురించి. అట్ట బొమ్మ, ఆ పాట చూసి కొలంబియా సంస్థ పంపిణీ చేయనంది. వేరే సంస్థ చేసింది. ఇలాంటి అట్టల గురించీ మాటల గురించీ నన్ను అడిగేవాళ్లకి నేను నిజాయితీగా ఒకటే చెబుతాను. కొన్ని ఆ వయసు తెచ్చిన దూకుడు, అంతకు మించి వాటిలో ఏమీ లేదు. కానీ మెంగెలె మీద పాట ఆ ఘోరాన్ని మెచ్చుకోలేదు. చూడమని మెడ పట్టుకుని చూపించింది. యజ్ఞవాటికలో తల తెగిపడ్డ దక్షుడి కథ పిల్లలకి చెప్పి పెంచిన ఊరు మాది. ఘోరాన్ని ఘోరంగానే చెప్పడం మాకు కొత్త కాదు.

కాలిఫోర్నియా దాటి ఈ సంగీతం ఎవరి చేతుల్లో పడిందో చూస్తే మరీ ఆశ్చర్యం. జర్మనీలో క్రియేటర్, సోడమ్ బృందాలు రూర్ ప్రాంతం నుంచి వచ్చాయి. అది బొగ్గు గనులు, ఉక్కు కొలుముల సీమ. సోడమ్ గాయకుడు టామ్ ఏంజెల్‌రిప్పర్ బొగ్గు గనిలో పనిచేసినవాడే. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర డెత్ ఏంజెల్ అని ఐదుగురు, అందరూ ఫిలిప్పీన్స్ మూలాలున్న వరస అన్నదమ్ములు. 1987లో ద అల్ట్రా వయొలెన్స్ ఆల్బమ్ చేసేనాటికి డ్రమ్మర్‌కి పదిహేనేళ్లు నిండలేదు. బ్రెజిల్‌లో బెలో హొరిజాంచీ అనే ఊరి నుంచి కవలెరా అన్నదమ్ములు పెట్టిన సెపుల్చురా, 1989లో బినీత్ ద రిమెయిన్స్‌తో ప్రపంచం ముందుకొచ్చింది. పోర్చుగీసు మాట్లాడే పిల్లలు, ఇంగ్లీషు వచ్చీ రాకుండా ఇంగ్లీషులో పాడారు. ఆ ఆల్బమ్ నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అమెరికా బృందాల్లో వినిపించని ఆకలి ఏదో అందులో ఉంది.

మన వైపుకి ఇదంతా క్యాసెట్ల మీదే వచ్చింది. ఆ రోజులు గుర్తున్నవాళ్లకి రికార్డింగ్ సెంటర్లు గుర్తుంటాయి. కాకినాడ, రాజమండ్రి, రామచంద్రపురం... ఏ ఊళ్లోనైనా ఒక గది, గోడంతా క్యాసెట్లు, బల్ల మీద రెండు డెక్కులు. తెల్ల కాగితం మీద పాటల పేర్లు వరసగా రాసి, బ్లాంక్ క్యాసెట్ ఇచ్చి వస్తే సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవారు. ఘంటసాల పద్యాలు, ఇళయరాజా పాటలు, అయ్యప్ప భజనలు. నేను కాకినాడలో చదువుకునేటప్పుడు బెంగళూరులో చదివే స్నేహితుడొకడు సెలవులకి వస్తూ మెటాలికా క్యాసెట్ తెచ్చాడు. అది కాపీకి కాపీకి కాపీ. పాట కంటే ముందు బుసలాంటి చప్పుడు వినిపించేది. అయినా అలా విన్నదే మనసులో పడింది. 90లలో మాగ్నాసౌండ్ వంటి సంస్థలు విదేశీ ఆల్బమ్‌లను లైసెన్సు మీద ఇక్కడే క్యాసెట్లుగా వేశాయి. 1993లో అలహాబాదు నుంచి రాక్ స్ట్రీట్ జర్నల్ అనే పత్రిక మొదలైంది. అలహాబాదు నుంచి! గంగా యమునా కలిసే ఊళ్లోంచి దేశమంతటికీ రాక్, మెటల్ పత్రిక రావచ్చంటే, గోదావరి గట్టున కూర్చుని వినడంలో వింతేముంది?

ఇక అసలు మాట. అన్నీ ఫోనులో దొరుకుతున్న రోజుల్లో పాత ప్రతులే ఎందుకు?

ఎందుకంటే ఫోనులో దొరికేది చాలాసార్లు ఆ ఆల్బమ్ కాదు. పేరు అదే, బొమ్మ అదే, లోపలి శబ్దం వేరు. 90ల చివరి నుంచి పాత ఆల్బమ్‌లను రీమాస్టర్ అంటూ మళ్లీ విడుదల చేయడం మొదలైంది. చాలావాటిలో చేసిందేమిటంటే మొత్తం శబ్దాన్ని పైకి లేపడం. మెల్లగా ఉన్న చోటునూ గట్టిగా ఉన్న చోటునూ ఒకే ఎత్తుకి తెచ్చేయడం. మొదటి నిమిషం బాగానే ఉంటుంది. పది నిమిషాలకి చెవి అలిసిపోతుంది. పాటలో ఊపిరి పీల్చుకునే చోటు లేకుండా పోతుంది. 2008లో మెటాలికా కొత్త ఆల్బమ్ డెత్ మాగ్నెటిక్ ఇలాగే వస్తే, శబ్దం పగిలిపోయిందని, మళ్లీ సరిచేయమని అభిమానులే అర్జీ పెట్టుకున్నారు. అదే పాటలు ఒక వీడియో గేమ్ కోసం ఇచ్చిన ప్రతిలో శుభ్రంగా ఉన్నాయని వాళ్లే కనిపెట్టారు.

మెగాడెత్ రస్ట్ ఇన్ పీస్ సంగతి ఇంకా బాధ. 1990 సెప్టెంబరులో వచ్చిన ఆల్బమ్ అది. థ్రాష్‌లో వాయిద్య పాండిత్యానికి పరాకాష్ఠ ఏదంటే నేను దాన్నే చెబుతాను. మార్టీ ఫ్రీడ్‌మన్ గిటారులో తూర్పు దేశాల గమకాలు లీలగా వినిపిస్తాయి. 2004లో బృంద నాయకుడు, గాయకుడు డేవ్ మస్టేన్ ఆ ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేశాడు. పాత టేపుల్లో కొన్ని చోట్ల గొంతు దొరక్కపోతే మళ్లీ కొత్తగా పాడి అతికించాడు. పద్నాలుగేళ్ల తరవాతి గొంతు! ఆల్బమ్ అతనిదే, హక్కూ అతనిదే. కానీ 1990లో విని ప్రాణం పెట్టుకున్నవాడికి ఆ చోట్లు రాగానే ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వచ్చినట్టుంటుంది. అందుకే 1990 నాటి సీడీయో క్యాసెట్టో ఎల్పీయో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉండి తీరాలి. ఎక్సోడస్ వాళ్లు తమ తొలి ఆల్బమ్ బాండెడ్ బై బ్లడ్‌ను 2008లో మొత్తం మళ్లీ వాయించి వేరే పేరుతో వేశారు. శుభ్రంగా ఉంది. అయితే 1985 నాటి ఆల్బమ్‌లో పాడిన పాల్ బాలఫ్ 2002లో చనిపోయాడు. ఆ గొంతు, ఆ తిక్క, ఆ పాత రికార్డులోనే ఉన్నాయి.

దీనికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ చెబుతాను. 1986 సెప్టెంబరు 27 తెల్లవారుజామున స్వీడన్‌లో మెటాలికా బస్సు బోల్తా పడింది. బేస్ గిటారు వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. వయసు 24. ఆ బృందంలో సంగీత జ్ఞానం బాగా ఉన్నవాడు అతను. అతని స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988లో అండ్ జస్టిస్ ఫర్ ఆల్ ఆల్బమ్ విడుదలైంది. అందులో బేస్ గిటారు వినపడదు. దాదాపు లేనట్టే. మిక్సింగ్‌లో తగ్గించేశారు. ఎందుకు తగ్గించారన్న దాని మీద ఇన్నేళ్లుగా వాదాలు నడుస్తూనే ఉన్నాయి. అభిమానులు తామే బేస్ పెంచి ప్రతులు తయారుచేసుకున్నారు. 2018లో ఆ ఆల్బమ్‌ను రీమాస్టర్ చేసి పెద్ద పెట్టెగా తెచ్చినప్పుడు, ఇప్పుడైనా పెంచుతారని అందరూ ఎదురుచూశారు. మెటాలికా పెంచలేదు. అప్పటి పని అప్పటిలాగే ఉండాలన్నది వాళ్ల పట్టు. నా దృష్టిలో వాళ్లు చేసిన మంచి పనుల్లో అదొకటి. ఆ ఆల్బమ్‌లో ఉన్న వెలితి నాకు తప్పులా వినపడదు. పోయినవాడి ఖాళీ వినపడుతుంది.

సేకరణ అంటే అరుదైనవి, ఖరీదైనవి పోగేయడం కాదని కొత్తవాళ్లకి చెప్పాలి. అరుదైనవి ఉన్నాయి. రైడ్ ద లైట్నింగ్ ఆల్బమ్ అట్ట నీలం రంగు. ఫ్రాన్స్‌లో 1984లో ఒక ముద్రణ పొరపాటున ఆకుపచ్చగా అచ్చయింది, సుమారు 400 ప్రతులు. దాని కోసం ఎంతైనా పెట్టేవాళ్లుంటారు. పెట్టనీండి. నాకు కావలసింది మొదటి ముద్రణ శబ్దం. ఎల్పీ అయితే పాటల గాడి అయిపోయాక, మధ్య కాగితం దాకా ఉండే ఖాళీ అంచు మీద గీరిన అంకెలు, అక్షరాలు చూడండి. ఏ ముద్రణో అవే చెబుతాయి. అట్ట చూసి మోసపోవచ్చు గానీ ఆ గీతలు చూసి మోసపోవడం కష్టం. ముంబయి చోర్ బజారులో ఇప్పటికీ పాత రికార్డుల కొట్లున్నాయి. తెలిసినవాళ్లు విదేశాల నుంచి వచ్చేటప్పుడు అడిగితే పాత సీడీలు చవగ్గా తెస్తారు. 

దొరకడం ఒక ఎత్తు, మన డెల్టాలో నిలబెట్టడం ఒక ఎత్తు. ఇక్కడ వేసవిలో ఎండ, మిగతా కాలమంతా చెమ్మ. ఎల్పీలు ఒకదాని మీద ఒకటి పేర్చకండి, వంగిపోతాయి. పుస్తకాల్లా నిలబెట్టండి, బయటి గోడకి దూరంగా. క్యాసెట్లకి అసలు శత్రువు బూజు. క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి చూస్తే టేపు అంచుల మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. అలాంటి దాన్ని చూసుకోకుండా డెక్కులో పెడితే బూజు హెడ్‌కి అంటుకుని, తరవాత పెట్టిన మంచి క్యాసెట్లకీ పాకుతుంది. ముందు డెక్కు హెడ్, రబ్బరు చక్రం శుభ్రం చేయండి. బాగున్న క్యాసెట్లను అప్పుడప్పుడు ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా తిప్పుతూ ఉండండి, టేపు పొరలు అతుక్కోవు. పెట్టె పగిలితే పారేయకండి. నాలుగైదు మరలు విప్పి, టేపు చుట్టలు రెండూ మంచి పెట్టెలోకి మార్చుకోవచ్చు. క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. ఇక పొరపాటున కూడా దాని మీద మరోటి రికార్డు కాదు. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి, వానాకాలం అయ్యాక మార్చండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక్క మాట. బుస చప్పుడు తీసేద్దామన్న తొందర వద్దు. మొదట ఉన్నది ఉన్నట్టుగా, కుదించకుండా, వేవ్ ఫైలుగానో ఫ్లాక్ ఫైలుగానో దాచండి. శుభ్రం చేయాలనుకుంటే దానికి మరో ప్రతి తీసుకుని చేయండి. బుసతో పాటు తాళం మొనా, గొంతు చివరా పోతాయి. పోయాక తిరిగి రావు.

1991లో మెటాలికా వేగం తగ్గించి, తన పేరుతోనే ఆల్బమ్ తెచ్చి, కోట్లలో అమ్ముకుంది. థ్రాష్ అయిపోయిందన్నారు. అవ్వలేదు. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించింది. ఏడాది తరవాత స్లేయర్ వచ్చింది. బెంగళూరులో 1998లో పుట్టిన క్రిప్టోస్ జర్మనీలో వాకెన్ ఉత్సవం దాకా వెళ్లింది. మన హైదరాబాదులో గాడ్‌లెస్ అనే బృందం 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ అని పూర్తి ఆల్బమ్ చేసింది. డెత్ మెటల్, థ్రాష్ రెండూ కలిసిన దెబ్బ. తెలుగు నేల మీద తయారైన ఆల్బమ్ అది, తెచ్చుకుని వినండి. ముప్పై ఏళ్ల తరవాత దాన్ని వెతుక్కునేవాళ్లుంటారు.

ఇప్పుడు మీతో ఒక విన్నపం. మీ ఇంట్లో అటక మీద క్యాసెట్ల సంచి ఉండే ఉంటుంది. అందులో మెటాలికా ఉండొచ్చు, లేకపోవచ్చు. మీ ఊరి తీర్థంలో ఎవరో రికార్డు చేసిన వీరనాట్యం ఉండొచ్చు, గరగల డప్పులు ఉండొచ్చు, తెల్లవార్లూ ఆడిన పద్యనాటకం ఉండొచ్చు, ఇప్పుడు లేని ఒక హరిదాసు గొంతు ఉండొచ్చు. వాటికి కంపెనీ లేదు, రెండో ముద్రణ లేదు, రీమాస్టర్ చేసేవాడూ లేడు. ఉన్నది ఆ ఒక్క ప్రతే. న్యూజెర్సీ సంతలో ఒక క్యాసెట్ విని ఆ దంపతులు ఏం చేశారో మీకు చెప్పాను. మీరంత చేయక్కర్లేదు. ఈ ఆదివారం ఆ సంచి దించండి. పారేయకండి, పాత సామానువాడికి వేయకండి. ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఏ ఊరు, ఏ సంవత్సరం... మీకు తెలిసినంత ఒక కాగితం మీద రాసి, అదే పెట్టెలో పెట్టండి. తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాయండి. ఒక ప్రతి తీసి ఇంకొకరికి ఇవ్వండి.